పేరు ఖాళీ లేదు

మున్సిపల్ ఆఫీసుకి బయల్దేరుతూ సంచి సర్దుకున్నాను. రెండు చీరలు, ఒక తువ్వాలు, బీపీ బిళ్ళలు, పెరుగన్నం గిన్నె, కళ్ళజోడు, అది పగిలితే పెట్టుకోవడానికి పాత కళ్ళజోడు, టార్చిలైటు, పేర్లు రాసుకున్న నోటుబుక్కు. ఆఫీసు మా ఇంటికి మూడు వీధుల అవతల ఉంది. మా గుమ్మంలో నిలబడితే దాని మేడమీద నీళ్ళ ట్యాంకు కనపడుతుంది.

"కాశీకా అమ్మమ్మా?" అంది నీలవేణి, పిల్లని భుజాన వేసుకుని వీపు తడుతూ. నీలవేణి నా మనవరాలు. పురిటికి నా దగ్గరికొచ్చింది. మొగుడు చేపల లారీ మీద ఒరిస్సా వెళ్ళాడు.

"ఆఫీసుకే."

"మరి రెండు చీరలెందుకు? ఒకటి నీకు, ఒకటి ఆఫీసరుకా?"

నవ్వితే నవ్వనీ. ఇల్లు వదిలిన మనిషి వస్తానన్న వేళకి వస్తుందని నేనెప్పుడూ నమ్మలేదు. పాలపాకెట్టుకి వెళ్ళినా గేటు దగ్గర ఆగి ఇల్లంతా ఒకసారి చూసుకుంటాను. మా పాలవాడికి ఈ సంగతి తెలుసు. "రేపు కూడా వస్తానండీ మామ్మగారూ, బెంగెట్టుకోకండి" అని రోజూ చెప్పి మరీ సైకిలెక్కుతాడు.

ఆ రోజు నా పని మునిమనవరాలికి పేరు పెట్టడం. పేరు పెట్టడానికి ఆఫీసెందుకని అడిగేవాళ్ళు మా ఊరివాళ్ళు కాదన్నమాట.

రెండేళ్ళ కిందట టౌనుహాల్లో బాలికల సభ పెట్టారు. వ్యాసరచనలో మొదటి బహుమతికి "కుమారి జస్విత, వేదిక మీదికి రావాలి" అని మైకులో పిలిచారు. పద్నాలుగు మంది జస్వితలు లేచారు. ఒక్కొక్క జస్విత వెనక ఒక తల్లి, ఒక తండ్రి, ఫొటో తీసే ఒక మేనమామ. వేదిక చెక్కది. విరిగింది. చైర్‌పర్సన్ గారి కాలికి కట్టు కట్టారు. ఆ కట్టు విప్పకముందే కౌన్సిల్ తీర్మానం చేసింది: ఇకమీదట మా మున్సిపాలిటీలో పుట్టే ప్రతి ఆడపిల్లకీ జిల్లాలో మరెవరికీ లేని పేరే ఉండాలి. పథకానికి "ఏకైక" అని పేరు పెట్టారు. మర్నాడు పుట్టిన ఐదుగురు ఆడపిల్లలకీ వాళ్ళ తల్లిదండ్రులు ఏకైక అనే పేరే కావాలన్నారు.

మగపిల్లలకి ఈ నియమం లేదు. వాళ్ళకి తాతల పేర్లుంటాయి, అవి ఎంతమందికున్నా వేదికలు విరగవని తీర్మానంలోనే రాశారు.

పిల్ల పుట్టిన ఇరవై ఒకటో రోజు సాయంత్రం ఐదింటిలోపు పేరు మంజూరు చేయించుకోవాలి. లేకపోతే కంప్యూటరే పేరు పెడుతుంది. మా వెనకవీధి పిల్లకి అలాగే "శిశువు-417" అని వచ్చింది. జీవితాంతం అదే. వాళ్ళ నాయనమ్మ పొద్దున్నే అరుగుమీద కూర్చుని, "మా నాలుగొందల పదిహేడు బంగారం కదూ, గుక్కెడు తాగవే తల్లీ" అని పాలు పడుతుంటే దారినపోయేవాళ్ళు ఆగి చూస్తుంటారు.

ముద్దుపేర్లకి వేరే విభాగం ఉంది. సాయంత్రం ఒక తల్లి "బుజ్జీ" అని కేకేస్తే వార్డులో తొమ్మిది మంది పిల్లలు ఆట వదిలి పరిగెడుతున్నారని సర్వేలో తేలింది. అందుకని బుజ్జి, చిన్ని, పండు, చిట్టి అన్న నాలుగింటినీ నిషేధించారు. సాయంత్రం ఐదు నుంచి ఏడు దాకా ఒక తనిఖీదారు వీధివీధికీ తిరిగి, ఎవరు ఎవర్ని ఏమని పిలుస్తున్నారో చెవి ఒగ్గి రాసుకుంటాడు. మా ఎదురింటి మంగతాయారు "బుజ్జీ, రావే" అని పిలిచిందని నోటీసిచ్చారు. ఆ పిలుపు మేకను ఉద్దేశించి చేసినదేనని ఆవిడ రాతపూర్వకంగా జవాబిచ్చి, మేకను తోలుకెళ్ళి హాజరు పరిచింది. అధికారి "బుజ్జీ" అని పిలిచాడు. అది పలకలేదు. కేసు ఇంకా నడుస్తోంది.

ఈ గొడవలేవీ నాకు అంటవనుకున్నాను. ఎందుకంటే నేను పేర్ల మామ్మని. బడికి వెళ్ళింది లేదు. కిరాణా కొట్టు పొట్లం కాగితాల మీద అక్షరాలు కూడబలుక్కుని, తర్వాత శాఖా గ్రంథాలయంలో చెదలకీ నాకూ పోటీ పెట్టుకుని చదువు నేర్చాను. ఎవరికి ఆడపిల్ల పుట్టినా నా దగ్గరికే వస్తారు. నేను కళ్ళజోడు సర్దుకుని, నోటుబుక్కు తిరగేసి, కాస్త ఆలోచించినట్టు నటించి ఒక పేరు చెబుతాను. ప్రతి తల్లికీ ఒకే మాట చెప్పి పంపిస్తాను: "ఇది నీ కూతురికోసమే దాచానమ్మా, ఇంకెవరికీ చెప్పలేదు."

నా మునిమనవరాలికి నిజంగానే ఒకటి దాచాను. కాదంబిని. మబ్బుల వరస అని అర్థం. ఇంట్లో పిలుచుకోవడానికి బిన్ని, కాదమ్మ. పుట్టిన పద్దెనిమిదో రోజున ఆ పేరు సంచిలో పెట్టుకుని నామాధికారి మార్తాండం గారి ముందు నిలబడ్డాను.

"తమరి సమస్య?" అన్నారాయన.

"సమస్య కాదు బాబూ, పేరు."

"పేరే సమస్య. ఆసీనులు కండి."

చెప్పాను. ఆయన కంప్యూటర్లో కొట్టారు. "కాదంబిని. జిల్లాలో అరవై మూడు. తిరస్కరించడమైనది."

"అరవై మూడా? చెదలు తినగా మిగిలిన పుస్తకంలోంచి తీశాను బాబూ. ఆ పుస్తకం పాతికేళ్ళుగా నేను తప్ప ఎవరూ ముట్టుకోలేదు."

"అందరూ ఇప్పుడు ఫోన్లోంచి తీస్తున్నారమ్మా. 'ఎవరికీ లేని వంద పేర్లు' అని ఒక పట్టిక వచ్చింది. జిల్లాలో పదకొండు వేలమంది చూశారు. కావున ఆ వందా అందరికీ ఉన్నవి."

నోటుబుక్కు తెరిచాను. అందులో రెండువందల పన్నెండు పేర్లున్నాయి. ఆయన ఓపిగ్గా ఒక్కొక్కటే కొట్టారు. నలభయ్యో పేరు దగ్గర నా వెనక వరస నేలమీద కూర్చుంది. తొంభయ్యో పేరు దగ్గర అటెండరు ఏసుబాబు టీ తెచ్చాడు. నూట ముప్పై దగ్గర మార్తాండం గారు కుడిచెయ్యి విదిలించి ఎడమచేత్తో మొదలుపెట్టారు.

"తరళిక. పదిహేడు. ఆశ్చర్యము. ఇందులో ఆరుగురు తమరి వీధే."

నేను సంచిలో ఏదో వెతుక్కున్నాను.

"అపరంజి. ఇరవై రెండు. తొమ్మిది తమరి వీధే. ఏకావళి, పద్నాలుగు. ఎనిమిది తమరి వీధే. అమ్మా, తమరి వీధిలో ఈ పేర్లు ఎవరు పెడుతున్నారో తమరికేమైనా తెలియునా?"

"తెలీదు బాబూ" అన్నాను.

వెనక కూర్చున్న ఒకావిడ, "అదేంటి మామ్మగారూ, మా పిల్లకి ఏకావళి పెట్టింది మీరేగా? ఇంకెవరికీ చెప్పలేదన్నారు?" అంది.

"నాకూ అలాగే చెప్పింది" అంది ఇంకొకావిడ.

వాళ్ళిద్దరూ ఒకరినొకరు చూసుకుని, తర్వాత నన్ను చూశారు. పద్నాలుగు మంది జస్వితల్లో ముగ్గురికి ఆ పేరు పెట్టింది కూడా నేనేనని అక్కడ చెప్పలేదు. ఇప్పుడు మీకు చెబుతున్నాను. వేదిక విరగడంలో ఐదో వంతు బరువు నాది.

రెండువందల పన్నెండూ తిరస్కరించడమైనది. లేవబోతుంటే మార్తాండం గారికి జాలేసింది. గొంతు తగ్గించి, "ఒక వెసులుబాటు కలదు. జిల్లాలో ఒకే ఒక్క వ్యక్తికి ఉన్న పేరైతే, ఆ వ్యక్తి కాలక్రమంలో... అనగా... ఖాళీ చేసిన ఎడల, వరుసక్రమంలో కేటాయించబడును. రిటైర్డు టీచరు హేమాంగి గారు కలరు. వయసు ఎనభై నాలుగు" అన్నారు.

మర్నాడు సిగ్గులేకుండా హేమాంగి టీచరింటికి వెళ్ళాను. నేనొక్కదాన్నే తెలివైనదాన్ననుకున్నాను గాని, వరండా నిండా జనం. కమలాపళ్ళు, కొబ్బరిబోండాలు, ఒకరి చేతిలో ఫ్లాస్కు. టీచరుగారు పడక్కుర్చీలో కూర్చుని పేపరు చదువుకుంటున్నారు.

"రా కుప్పమ్మా, నువ్వు పన్నెండోదానివి" అన్నారు. "నిన్న మధ్యాహ్నం పొలమారి నాలుగుసార్లు దగ్గాను. ఇద్దరు అక్కడికక్కడే ఫారాలు నింపేశారు. ఇదిగో, ఈ పిల్ల మరీ మంచిది. రోజూ వచ్చి బీపీ చూస్తుంది. మామూలుగా ఉంటే మొహం మాడ్చుకుంటుంది."

"నేను ఊరికే చూసిపోదామని వచ్చానండి."

"సంచిలో ఏం తెచ్చావు?"

"బత్తాయిలు."

"అక్కడ పెట్టి కూర్చో. నాకేం తొందర లేదు."

ఆవిడ నన్ను కుప్పమ్మా అని పిలవడం మీరు వినే ఉంటారు. అవును, నా పేరు అదే. ఇంతదాకా చెప్పకుండా దాటవేశాను. డెబ్బయ్యేళ్ళుగా అలవాటైన పని.

మా అమ్మకి అక్క తర్వాత పుట్టిన ముగ్గురూ పురిట్లోనే పోయారు. నాలుగోదాన్ని నేను. పుట్టగానే మంత్రసాని నన్ను తీసుకెళ్ళి పెరట్లో చెత్తకుప్ప మీద పడుకోబెట్టింది. ఎనిమిదేళ్ళ మా అక్కని చేట ఇచ్చి పంపించారు. అక్క ఏమీ ఎరగనట్టు వెళ్ళి, "ఎవరో పారేసిన పిల్ల, మేం పెంచుకుంటాం" అని గట్టిగా అరిచి, చేటలో ఎత్తుకొచ్చింది. పారేసిన పిల్లని యముడు కూడా పట్టించుకోడని అప్పటి నమ్మకం. ఆ నమ్మకం గట్టిదో, నేనే గట్టిదాన్నో, బతికాను. కాని పేరు మాత్రం కుప్పమ్మగా మిగిలింది. ఇంకే ఆడపిల్లకీ ఇలాంటి పేరు ఉండకూడదనే ఈ పేర్ల పిచ్చి పట్టింది నాకు. దాన్ని అందరూ పాండిత్యం అనుకుంటున్నారు. నేనూ కాదనలేదు.

ఇరవై ఒకటో రోజు వచ్చింది. హేమాంగి టీచరు పొద్దున్నే వాకింగుకి వెళ్తూ మా ఇంటిముందు నాకేసి చెయ్యి ఊపారు. ఇక చేసేదేం లేక, అదే సంచి పట్టుకుని, నీలవేణినీ పిల్లనీ వెంటబెట్టుకుని నాలుగింటికి ఆఫీసుకి వెళ్ళాను.

"తమరి గడువు గంటలో ముగియనున్నది" అన్నారు మార్తాండం గారు. "శిశువు-418 సిద్ధముగా ఉన్నది."

"నా కూతురికి అంకె పెడతారా?" అంది నీలవేణి. "రేపు దాని పెళ్ళికి శుభలేఖ మీద ఏం వేయించాలండీ? చిరంజీవి సౌభాగ్యవతి నాలుగొందల పద్దెనిమిదనా?"

"అంకె కూడా విశిష్టమే కదమ్మా. పైగా అంకెకి అక్షరదోషములుండవు."

"మీ అమ్మాయికి పెట్టుకోండి!"

"మా అమ్మాయి జస్విత" అన్నారాయన నీరసంగా.

నీలవేణి ఏడుపు ఆపుకుంటూ నాకేసి తిరిగింది. "ఊళ్ళో అందరికీ పెట్టావు. నా పిల్లకి వచ్చేసరికి నీ పుస్తకంలో ఒక్కటి మిగల్లేదా అమ్మమ్మా?"

ఏసుబాబు ఒక కాగితం తెచ్చి, "అంకెకి అభ్యంతరం లేదని పెద్దవాళ్ళు సంతకం చెయ్యాలండి మామ్మగారూ" అన్నాడు. చేశాను. మార్తాండం గారు ఆ కాగితం అందుకుని, సంతకం చదివి, చెయ్యి అలవాటు చొప్పున దాన్నీ కంప్యూటర్లో కొట్టారు. తర్వాత నెమ్మదిగా లేచి నిలబడ్డారు.

"ఏసుబాబూ, ఫ్యాను ఆపు."

ఏసుబాబు ఫ్యాను ఆపాడు.

"కుప్పమ్మ. జిల్లా మొత్తానికి ఒకటి" అన్నారాయన. "గత నలభై సంవత్సరములలో ఎవ్వరికీ పెట్టబడలేదు. ఈ పథకం ప్రారంభమైనప్పటి నుంచి ఇంతటి అరుదైన నామము ఈ కార్యాలయ దృష్టికి రాలేదు. అమ్మా, ఎవరు తమరు?"

చెబితే నవ్వుతారు గాని, నేను పైట సర్దుకున్నాను.

"కుప్పమ్మా?" అంది నీలవేణి. "నా కూతురికా? బళ్ళో పిల్లలు బతకనిస్తారా దాన్ని? అంకే నయం."

అప్పుడు వరసలోంచి ఏకావళి తల్లి ముందుకొచ్చింది. ఆవిడకి రెండో కాన్పు అయి పది రోజులు. "మామ్మగారూ, మీ మనవరాలు వద్దంటే మాకిప్పించండి. జిల్లాకొక్కటే అంటున్నారుగా."

"నువ్వాగు, ముందు వరసలో ఉంది నేను" అంది ఇంకొకావిడ. "కుప్పమ్మ. ఎంత బావుందో. పాతకాలప్పేరు, నోరు నిండుగా ఉంది. కుప్పు అని పిలుచుకోవచ్చు."

"కుప్స్ కూడా బావుంటుంది" అంది వెనకనుంచి ఎవరో.

నీలవేణి కళ్ళు తుడుచుకుంది. పిల్లని ఈ భుజం మీంచి ఆ భుజానికి మార్చుకుంది. "ఎవరికిస్తారండీ? మా అమ్మమ్మ పేరు. మా ఇంటిది. రాయండి సార్, కుప్పమ్మ."

"రాయుటకు వీలులేదు" అన్నారు మార్తాండం గారు కూర్చుంటూ. "పేరు ఖాళీ లేదు. ఈవిడ ఉన్నారు."

అందరూ నాకేసి చూశారు. ఆ చూపు నాకు తెలుసు. మొన్న బత్తాయిలు పట్టుకుని హేమాంగి టీచర్ని నేనూ అలాగే చూశాను.

"ఇంకో దారి లేదా బాబూ? నేను ఉండగానే?"

ఉంది. నామ పరిత్యాగ పత్రం అని మూడు పేజీల ఫారం. దానిమీద సంతకం పెడితే నా పేరు నాకు పోయి పిల్లకి వెళ్తుంది. ఆ తర్వాత నన్ను రికార్డుల్లో "మాజీ కుప్పమ్మ" అని రాస్తారు. చైర్మన్లకీ కౌన్సిలర్లకీ తప్ప దొరకని మర్యాద. డెబ్బయ్యేడేళ్ళు ఎలా వదుల్చుకోవాలా అనుకున్న పేరుని, తీరా ఎవరో అడిగేసరికి ఇవ్వబుద్ధి కాలేదు. పెన్ను పట్టుకుని ఒక నిమిషం కూర్చున్నాను. పిల్ల ఆవులించింది. సంతకం పెట్టాను.

"ఇక ముద్దుపేరు" అన్నారు మార్తాండం గారు.

"ఆవిడకి ముద్దుపేరేంటండీ" అంది నీలవేణి.

"పేరు బదిలీతోపాటు ముద్దుపేరు కూడా బదిలీ కావలెను. ముద్దుపేరు లేని పేరు అసంపూర్ణమని సర్క్యులరు. తమరిని ముద్దుగా ఏమని పిలుస్తారమ్మా?"

నన్ను మనవరాలు అమ్మమ్మా అంటుంది. వీధి మామ్మగారూ అంటుంది. నా మొగుడు బతికున్నన్నాళ్ళూ ఇదిగో అన్నాడు.

"కుప్పీ" అన్నాను.

నీలవేణి నా మొహంలోకి చూసింది. ఆ మాట తను ఎప్పుడూ విని ఉండదు.

"మంచిది. వార్డులో ఎవరికీ లేదు. ఇక ఆ పేరుతో తమరిని పిలిచే వ్యక్తులు ఇద్దరు సంతకములు చేయవలెను. ఐదు కావస్తున్నది, త్వరగా పిలిపించండి."

"లేరు బాబూ."

"ఊళ్ళో లేరా?"

"లేరు."

ఆయన గడియారం చూశారు, నన్ను చూశారు. "అట్లయిన, రాలేకపోవుటకు కారణం, తేదీ చివరి గడిలో స్వదస్తూరీతో రాయండి. కారణం సంతృప్తికరంగా ఉన్న ఎడల మంజూరు చేయబడును. లేని ఎడల, నాలుగువందల పద్దెనిమిది."

కళ్ళజోడు తుడుచుకుని రాశాను. గడి చిన్నది. నాలుగు వాక్యాలు ఇరికించేసరికి పక్క గడిలోకి కొంచెం వెళ్ళింది. మార్తాండం గారు కాగితం అందుకుని చదివారు. మళ్ళీ మొదటినుంచి చదివారు. అక్షరాలు గడి దాటాయని అంటారనుకున్నాను. ముద్ర తీసి, సిరామెత్త మీద అద్ది, కుప్పమ్మ పక్కన ఒకటి, కుప్పీ పక్కన ఒకటి వేశారు.

"తీసుకెళ్ళండమ్మా" అన్నారు. "మంజూరైంది."

మెట్లు దిగుతుండగా నీలవేణి నా చేతిలోంచి నకలు కాగితం తీసుకుంది. కుప్పమ్మ దాని భుజం మీద నిద్రపోతోంది.

"ఏం రాశావమ్మమ్మా? అంత ఇదిగా చదివాడు?"

"చదువుకో."

ఆగి చదివింది. ఆ గడిలో ఉన్నది ఇదీ:

"మా అమ్మ కోటమ్మ 1971 మాఘమాసంలో చనిపోయింది. మా అక్క నాంచారమ్మ 1977 నవంబరు 18, శుక్రవారం, పొద్దున్న ఏడున్నర బస్సుకి దివిసీమలో తోటికోడలి కూతురి బారసాలకి వెళ్ళింది. మర్నాడు అక్కడ ఉప్పెన వచ్చింది. ఆమె తిరిగి రాలేదు."